బడి పంక్తిలో తల్లికొక విస్తరి

2024వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన ఆంధ్రప్రదేశములోని ప్రభుత్వ పాఠశాలలలో ఒకే దినమున తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశములు జరిగినప్పుడు, ఉపన్యాసములు ముగిసిన పిమ్మట తల్లులును తండ్రులును తమ బిడ్డల ప్రక్కనే కూర్చుండి బడిలో వండిన మధ్యాహ్న భోజనమును ఆరగించిరి. ఆనాటి ఉపన్యాసములన్నిటికంటెను ఆ పంక్తియే విలువైనదని నా దృఢాభిప్రాయము. ఏలయనగా, ఈ రాష్ట్రమున 2003వ సంవత్సరము మొదలు బడిపిల్లలకు వండి వడ్డించుచున్నను, ఆ వంట ఎట్లుండునో, బిడ్డ పళ్లెములో ఏమి పడునో, అందులో వాడెంత తినునో, ఎంత పారవేయునో, అధిక సంఖ్యాకులైన తల్లులకు బిడ్డ నోటి మాటగా తెలియుటయే గాని కన్నులారా చూచి యెరుగుట లేదు. అట్టి పంక్తి ఏడాదికి ఒకటి రెండు మారులు జరుగు వేడుకగా మిగిలిపోక, తిరువూరు వంటి సీమలో బక్కచిక్కిన బిడ్డ గల ప్రతి తల్లికిని, ఆమెకు వీలుపడు వేళలో, నెమ్మదిగా, మర్యాదతో అమర్చబడవలెనని నేను కోరుచున్నాను.

ఎన్టీఆర్ జిల్లాలో ఖమ్మము సరిహద్దునంటియున్న తిరువూరు మామిడితోటల సీమ. చుట్టుపట్ల గంపలగూడెము, విస్సన్నపేట, ఏ.కొండూరు మండలములలో మిరపయు, ప్రత్తియు, మొక్కజొన్నయు పండును. మిరపకోతల కాలమున కూలి తల్లులు తెల్లవారకమునుపే పొయ్యి రాజేసి, ఇంత అన్నము వండి, తమ క్యారేజీ కట్టుకొని, ఆటోలలో కిక్కిరిసి పొలములకు పోవుదురు. బిడ్డ లేచునప్పటికి ఇంటిలో చల్లారిన అన్నమైన ఉండును, లేక ముసలి నాయనమ్మ యిచ్చు టీయు, అందులో ముంచుకొను రెండు బిస్కెట్లును ఉండును. ఆ కడుపుతో వాడు ప్రార్థన వరుసలో నిలువబడును. పిల్లవాడు చిక్కిపోవుచున్నాడేమని అడిగిన, ‘తింటానే ఉంటాడండీ, తిండి ఒంటబట్టదు’ అని ఆ తల్లి చెప్పును. ఆమె అబద్ధమాడుట లేదు. వాడు తినునదేమో, ఏ వేళకు తినునో చూచుటకు ఆమెకు పగటి పూట ఇంటనుండు యోగము లేదు. ఏ.కొండూరు తండాలలోనైతే మూత్రపిండముల వ్యాధి ఇంటి పెద్దలను మంచము పట్టించి, కూలి డబ్బులను ఆసుపత్రుల పాలు చేయుచుండుట లోకవిదితము. అట్టి ఇండ్లలో బిడ్డ చిక్కిపోవుట పెద్దల వ్యాధి చాటున ఎవ్వరి కంటను పడకపోవును.

ఈ దుఃస్థితి ఏ ఒక్క మండలమునకో పరిమితమైనది కాదు. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశములో ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 31.2 మంది వయస్సునకు తగిన ఎత్తు లేనివారు, 29.6 మంది వయస్సునకు తగిన బరువు లేనివారు. ఆరు నెలలు మొదలు ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి 63.2 మందికి రక్తహీనత కలదు. ఆనాటి పసివారే నేడు మన బడులలో పలకలు పట్టి కూర్చున్నారు. ఇట్లు గిడసబారిన బిడ్డ జబ్బుపడినవానివలె కనబడడు. ఆడును, పాడును, చెప్పిన పని చేయును. నాలుగవ తరగతివాడు రెండవ తరగతివాని భుజమునకు సమానముగా నిలువబడినను, ‘మా వంశమే పొట్టి’ యని ఇంటివారు సరిపెట్టుకొందురు. అదే సర్వేలో పదునైదు మొదలు నలువది తొమ్మిదేండ్ల వరకు గల స్త్రీలలో నూటికి 58.8 మంది రక్తహీనులని తేలినది గనుక, తల్లియు బిడ్డయు ఒకే లోటును పంచుకొనుచున్నారని గ్రహింపవలసియున్నది.

మరి బడి పళ్లెములో ఏమున్నది? ప్రాథమిక తరగతుల బిడ్డకు దినమునకు 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె చొప్పున, 450 కేలరీల శక్తియు 12 గ్రాముల మాంసకృత్తులును అందవలెనని కేంద్ర ప్రభుత్వపు నియమము. ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇది 700 కేలరీలు, 20 గ్రాములు. మన రాష్ట్రమున దీనికి తోడు కోడిగుడ్డు, వేరుసెనగ చిక్కి, రాగిజావ కలవు. 2025 జూన్ 12 నుండి సన్నబియ్యమును వండుచున్నారు. ఇవన్నియు మేలైనవే. కాని 450 కేలరీలనగా ఆ వయస్సు బిడ్డకు దినమంతటికి కావలసిన దానిలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే. తక్కిన రెండు వంతులును ఇంటినుండి రావలెను. ఈ ఒక్క సంగతిని తల్లిదండ్రులకు ఎవ్వరును కూర్చుండబెట్టి చెప్పుట లేదు. చెప్పకపోవుటచే, ‘బడిలో తింటాడుగా’ యని ప్రొద్దుటి తిండిని తేలికగా విడిచిపెట్టు ఇండ్లు కొన్ని. బడి కూడు తినుట నామోషీ యని, బిడ్డచేతికి పచ్చడి కలిపిన అన్నపు డబ్బానిచ్చి, వానికి రావలసిన గుడ్డును పప్పును పోగొట్టుచున్న ఇండ్లు మరికొన్ని. రెండు విధముల నష్టపోవునది బిడ్డయే.

ఈ చుట్టుపట్ల ఒక పల్లె బడిలో నా కంటబడినది చెప్పెదను. మూడవ తరగతి పిల్ల యొకతె గుడ్డు తీసికొనదు. వడ్డించు ఆమె గరిటెతో గుడ్డు నెత్తగనే పళ్లెము వెనుకకు లాగికొనును. పంతులమ్మ దానిని మందలింపక, సాయంకాలము తల్లికి కబురంపినది. తల్లి చీరకు మిరపఘాటు వాసన వదలకమునుపే పరుగున వచ్చి గుమ్మముకడ నిలువబడి, ‘వేడి చేసిద్దని నేనే వద్దన్నానండీ మేడంగారూ, దానికి ఊరికే సెగ్గడ్డలు లేస్తయ్యి’ అన్నది. పంతులమ్మ నవ్వలేదు, గద్దింపలేదు. ‘రేపు పని లేదంటివి గదమ్మా, మధ్యాహ్నం రా, ఇద్దరం పిల్లతోపాటే తిందాం’ అన్నది. మరునాడు ఆ తల్లి వచ్చి, పిల్ల ప్రక్కన కూర్చుండి, గుడ్డును రెండుగా త్రుంచి సగము తాను తిని సగము పిల్ల నోట పెట్టినది. అటుపిమ్మట ఆ పిల్ల పళ్లెము వెనుకకు లాగుట మానినది. గోడల మీద అంటించిన పట్టికలు చేయజాలని పనిని సగము గుడ్డు చేసినది.

తల్లికి గ్రాముల లెక్క పట్టదని తలచుట అపచారము. ఆమెకు గిన్నె తెలియును, గరిటె తెలియును. నూరు గ్రాముల బియ్యమును దోసిట పోసి, అది ఉడికిన పిమ్మట పళ్లెములో ఎంత కుప్పగునో చూపి, ‘ఇది మధ్యాహ్నముది, ప్రొద్దుటికిని రాత్రికిని ఇంతకు తక్కువ కాకుండ, పప్పో ఆకుకూరయో తోడుగా మీరు పెట్టవలెను’ అన్నచో ఆమె జన్మలో మరువదు. 2020లో కరోనా వలన బడులు మూతపడి, బియ్యమును గుడ్లను చిక్కీలను ఇంటికే పంచినప్పుడు, తన బిడ్డ వాటా ఎంతయో ఎందరో తల్లులు చేతులార కొలిచి చూచుకొనిరి. తండాలలో ఈ మాటలు లంబాడీ భాషలో చెప్పగలవారిచే చెప్పించవలెను. తెలుగు రాదని కాదు, తమ ఇంటి మాటలో చెప్పినవారిని ఎదురు ప్రశ్నించుటకు జంకుండదు గనుక.

ఈ అన్నము దానమని తలవంచుకొని తినవలసినది గాదని కూడ తల్లిదండ్రులకు తెలియజేయుట అవసరము. 1920లో మదరాసు నగరపాలక సంస్థ అధ్యక్షుడును తెలుగువాడునైన పిట్టి త్యాగరాయ చెట్టి, థౌజండ్ లైట్సు ప్రాంతములోని బడిలో పేద పిల్లలకు మధ్యాహ్నపు ఉపాహారము పెట్టుటకు, బిడ్డకు దినమునకు ఒక అణా మించకుండునట్లు, తీర్మానము చేయించెను. 1956లో నాటి ముఖ్యమంత్రి కామరాజు ఆ సంకల్పమును మదరాసు రాష్ట్రమంతటికి విస్తరింపజేసెను. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము జాతీయ పథకమును ప్రారంభించినను, పెక్కు రాష్ట్రములు వండిన అన్నమునకు బదులు నెలకు మూడు కిలోల ధాన్యమిచ్చి చేతులు దులుపుకొనుచుండగా, 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టవలెనని ఆజ్ఞాపించినది. 2013 నాటి ఆహార భద్రతా చట్టము దీనిని బిడ్డ హక్కుగా లిఖించినది. పథకమునకు ప్రభుత్వములు మారినకొలది పేర్లు మారినవి. నేడది లంకల గన్నవరములో వేళాపాళా యెంచక బాటసారులకు అన్నము పెట్టిన డొక్కా సీతమ్మ పేరున నడచుచున్నది. ఆ మహాతల్లి పేరు పెట్టుట సముచితము. కాని ఎవరి పేరున పెట్టినను అడిగి పెట్టించుకొను అధికారము బిడ్డదియే.

అడుగుటకు దారి కూడ చట్టములోనే యున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే యుండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు. వడ్డనకు ముందు ఉపాధ్యాయునితో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడవలెనని నియమము కలదు. ఆ నియమమెంత ప్రాణప్రదమో 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామమున పురుగుమందు కలిసిన నూనెతో వండిన భోజనము తిని 23 మంది పసివారు మరణించినప్పుడు దేశమంతయు తెలిసికొన్నది. జపానులో బడి భోజనమును తల్లిదండ్రులకు రుచి చూపుటకై ప్రత్యేకముగా సమావేశములు జరుపు ఆచారము కలదు. మన తిరువూరు బడులలో వారమునకు ఇద్దరు తల్లులు వంతులవారీగా వచ్చి, గంటె ముంచి రుచి చూచి, రిజిస్టరులో వ్రేలిముద్రయైనను వేసి పోవుట ఏమంత దుస్సాధ్యము? కూలి పోవునన్న మాట నిజము. కావున కోతలు లేని దినములలో వంతు వేయవలెను. రాలేనివారికి బదులు నాయనమ్మయో అమ్మమ్మయో వచ్చిన చాలును.

రుచి బాగులేదని తెలిసిన తల్లి మొదట విరుచుకుపడునది వంటామె మీదనే. ఆ వంటామె కూడ ఆ ఊరి ఆడుదియే. 2019లో పెంచిన పిమ్మటను ఆమె గౌరవ వేతనము నెలకు 3,000 రూపాయలే. అంత తక్కువ జీతమునకు పొగలోను ఎండలోను నూరు మందికి వండుచున్న ఆమె కష్టమును పంక్తిలో కూర్చుండి చూచిన తల్లి, లోపము కనబడినప్పుడు ఆమెతో కయ్యమాడక, ఆమె పక్షమున కూడ అధికారులను నిలదీయును.

ఇక ఒక హెచ్చరిక. బలహీనులైన పిల్లల జాబితా తయారుచేసి, ప్రార్థన వేళ పేర్లు చదివి, వారిని వేరుగా కూర్చుండబెట్టు పద్ధతి ఎక్కడనైన తలపెట్టిన అది దయ పేరున జరుగు హింస యగును. బరువును ఎత్తును చాటున కొలిచి, ఆ అంకెలను తల్లి చేతికే యియ్యవలెను. పంక్తి మాత్రము అందరికిని ఒక్కటిగా ఉండవలెను. వారమునకొకసారి బడిలో మ్రింగించు ఇనుము మాత్రయు, అప్పుడప్పుడు ఇచ్చు నులిపురుగుల మందును ఎందులకో తల్లికి ముందుగా చెప్పినచో, ‘బిళ్ల మింగితే కడుపులో తిప్పుద్ది’ అని ఆమె బిడ్డను ఆనాడు బడి మాన్పించదు.

ఆడపిల్లల తల్లులకు చెప్పదగిన విశేషమొకటి కలదు. చిన్ననాట బడిలో మధ్యాహ్న భోజనము తినిన ఆడపిల్లలు పెరిగి తల్లులైన పిమ్మట, వారి బిడ్డలలో వయస్సునకు తగిన ఎత్తు లేకపోవుట తగ్గుచున్నదని మన దేశపు లెక్కలను పరిశీలించిన పరిశోధకులు 2021లో ప్రకటించిరి. అనగా తిరువూరు బడిలో నేడు గుడ్డు తినుచున్న పిల్లకే గాక ఆమె కడుపున పుట్టబోవు బిడ్డకును ఆ అన్నము చెందుచున్నది.

అన్నిటికంటె దీర్ఘముగా ఆలోచింపవలసినది వేసవి. ఏప్రిల్ చివర బడులు మూసినది మొదలు జూన్ రెండవ వారము వరకు పళ్లెము లేదు, గుడ్డు లేదు, జావ లేదు. సరిగా అప్పుడే మామిడికోతలకు ఇంటిల్లిపాదియు తోటల వెంట పోవుదురు. 2004లో సుప్రీంకోర్టు కరవు ప్రాంతములలో వేసవి సెలవులయందును బడి భోజనము పెట్టవలెనని చెప్పియున్నది. తిరువూరు చుట్టుపట్ల తండాలకైనను ఆ ఏర్పాటు చేయుమని కమిటీలలోని తల్లిదండ్రులు సంతకములు చేసి జిల్లా అధికారులకు అర్జీ పెట్టవలెను. ఆ ఏర్పాటు జరుగువరకు, ఏప్రిల్ మాసములో బడి మూయు వారముననే తల్లులను మరియొకసారి పంక్తికి పిలిచి, బిడ్డ బరువు కాగితమును చేతికిచ్చి, తోటలోనైన ఇంటనైన ఆ ఏడు వారములు వాడు ఏ పూట ఏమి తినవలెనో వారితోనే చెప్పించి, జూన్‌లో బడి తెరచిన దినమున అదే త్రాసు మీద వానిని మరల నిలువబెట్టవలెను.