స్నేహమునకు సాక్ష్యమేల?

స్త్రీపురుషుల నడుమ వాంఛకు అతీతమైన అనురాగమును పాశ్చాత్యులు ప్లేటో పేరుతో వ్యవహరించిరి. తెలుగున దానికి ‘అమలిన శృంగారము’ అను పేరు స్థిరపడినది. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో రాయప్రోలు సుబ్బారావు ఈ భావమును కవితాసిద్ధాంతముగా నిలిపెను. ఆయన ‘తృణకంకణము’లో చిన్ననాటి ప్రేమికులు విడిపోవుదురు, ఆమె అన్యుని ఇల్లాలగును. మరల కలిసినప్పుడు ఆ ప్రేమను వారు స్నేహముగా మార్చుకొందురు. గడ్డిపోచ కంకణమే ఆ చెలిమికి గుర్తు. కావ్యము సుందరమే. కాని అందు స్నేహము భగ్నప్రేమకు లభించిన ఓదార్పు మాత్రమే.

శతాబ్దము గడచినది. నేడు జనసామాన్యమునకు అతిసన్నిహితమైన కళ చలనచిత్రము. 2011లో వచ్చిన ‘ఓ మై ఫ్రెండ్’ స్త్రీపురుష స్నేహమునే ఇతివృత్తముగా గైకొనినది. ఆ సాహసము మెచ్చదగినది. అయినను అందలి బాల్యమిత్రులకు వేర్వేరు ప్రేమబంధములు కల్పింపబడినవి. వారి చెలిమి నిర్దోషమనుటకు ఆ బంధములే సాక్ష్యములు. న్యాయస్థానమున నిలిచిన ముద్దాయివలె స్నేహము తన పవిత్రతను రుజువు చేసికొనవలసి వచ్చినది.

పురుషుల మైత్రికి ఈ కష్టము లేదు. అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్ కలిసికొనినట్లు చరిత్ర చెప్పదు. 2022లో విడుదలయిన రాజమౌళి చిత్రము ‘ఆర్.ఆర్.ఆర్.’ వారికి మైత్రిని కల్పించెను. వంతెనపై రైలు మండుచుండగా నదిలో చిక్కిన బాలుని రక్షించుటలో వారు కలిసికొందురు. మాటలు లేవు, సైగలే చాలినవి. 2023లో ఆస్కారు బహుమతి పొందిన ‘నాటు నాటు’ పాట చివర, మిత్రుడు గెలువవలెనని రాముడు తానుగా నేలకొరగును. ప్రేక్షకుడు ఆ త్యాగమునకు కారణ మడుగడు. అదే పని ఒక యువతికొఱకు చేసియున్నచో, అది ప్రేమయేయని హాలంతయు నిశ్చయించును.

ఈ చిక్కు తెరతో ముగియదు. బాలబాలికలు ఒకే తరగతిలో చదువుకొనుచున్నారు. ఒకరి నోటుపుస్తకము నొకరు అడిగి తీసికొనినంతనే తోటివారు పేర్లు జతకట్టి నవ్వుదురు. ఆ మాట ఇల్లు చేరినచో నష్టము బాలికకే. కొన్ని ఇండ్లలో చదువే నిలిచిపోవును. చిరునవ్వును ప్రేమసంకేతముగను, నిరాకరణను అంగీకారమునకు తొలిమెట్టుగను చూపు చిత్రములు ఈ అపోహను పోషించుచున్నవి. వానిని చూచి పెరిగిన బాలుడు స్నేహహస్తమును వలపుగా పొరబడును. కాదనినచో అవమానముగా తలచును.

ప్రాచీనులకు ఈ సంకోచము లేదు. భారతమున ద్రౌపది కృష్ణునకు సఖి. వనవాసమున ఆమె తన పరాభవదుఃఖమును పతుల యెదుటనే అతనికి మొఱపెట్టుకొనెను. ఆ సఖ్యమునకు సాక్ష్యము నెవరును కోరలేదు. తరగతిలో భారతకథ చెప్పు ఉపాధ్యాయుడు ఈ ఘట్టమున ఒక నిమిషము ఆగదగును. స్త్రీపురుషులు కలిసి పనిచేయుట, వాదించుకొనుట, ఒకరి కష్టమున ఒకరు నిలుచుట, ఇవియే కథకు చాలునని నమ్ము రచయితలు ఆ విద్యార్థులనుండియే రావలెను.