ఐదు రూపాయల పన్నెండణాలు

సినిమాలలోని ప్రేమకథలు పిల్లలను చెడగొట్టుచున్నవని తలిదండ్రులు పలువురు మాతో చెప్పుచుందురు. అందు కొంత నిజము లేకపోలేదు. కాని అన్ని చిత్రములను ఒకే గాట గట్టుట న్యాయము గాదు. కావున 1958వ సంవత్సరమున వెలువడిన ‘చల్తీ కా నామ్ గాడీ’ యను హిందీ హాస్యచిత్రమును గూర్చి మా యభిప్రాయమును ఇచ్చట మనవి చేయుచున్నాము. దానికి దర్శకుడు సత్యేన్ బోస్.

ముగ్గురన్నదమ్ములు మోటారు షెడ్డు పెట్టుకొని, చెడిన బండ్లను బాగుచేయుచు జీవించుచుందురు. అగ్రజుడగు బ్రిజ్‌మోహనునకు స్త్రీలన్న గిట్టదు. తమ్ములకు వారి నీడ కూడ సోకనీయడు. ఒకనాటి రాత్రి జోరున వాన కురియుచుండగా, రేణు యను కలవారి కన్య తన కారు చెడిపోయి, నిలువునా తడిసి ఆ షెడ్డు చేరును. పనిలోనున్న తమ్ముడు మన్‌మోహనుడు ఆమెతో మాటకు మాట యాడుచునే కారు బాగుచేయును. ఆమె తొందరలో కూలి యియ్యకయే వెడలిపోవును. రావలసినది ఐదు రూపాయల పన్నెండణాలు. (నేటి బాలురు అణా నెఱుగరు. రూపాయికి పదునాఱణాలు, పన్నెండణాలనగా డెబ్బదియైదు పైసలు. 1957లోనే నయాపైసలు వచ్చినను జనుల నోట అణాలే నిలిచియుండెను.)

ప్రేమ యంతయు ఈ బాకీనుండి మొలచుటయే మాకు మిక్కిలి నచ్చినది. పెక్కు చిత్రములలో నాయకుడు ఏ పని చేసి బ్రతుకునో మనకు తెలియనే తెలియదు. తోటలలో పాడుటకు అతనికి ఎల్లప్పుడును తీరికయే. అంగీకి ముడుత యైన పడదు. ఇందలి నాయకుని చేతులకు మసి యంటినది. అతడు ప్రేమను అడుగుటకు పూర్వమే కూలిని అడిగినాడు. ధనికురాలి యెదుట ఆ మొత్తమునే పాటగా పాడినాడు! మజ్రూహ్ సుల్తాన్‌పురీ రచనయు, సచిన్‌దేవ్ బర్మన్ సంగీతమును, కిశోర్ కుమార్ గానమును గూడిన ఆ పాటను విని నవ్వనివారిని మేము చూడలేదు.

ఈ నవ్వు తేలికయైనది కాదు. మెకానికుల బిడ్డలు మన బడిలో నున్నారు. తండ్రి వృత్తి యేమని అడిగినచో తల వంచుకొని ‘వ్యాపారము’ అని వ్రాయు బాలుర నెఱుగుదుము. పెద్దమనుష్యులు బండి బాగుచేయించుకొని ‘రేపు చూతము’ అని పోవుటయు, ఆ రేపు రాకుండుటయు అట్టి యిండ్లవారికే తెలియును. ఆ యింటి పిల్లవాడు ఈ చిత్రము చూచి నవ్వినచో, అది తన తండ్రిని జూచి లోకులు నవ్వు నవ్వు వంటిది కాదు. అచ్చట నవ్వులపాలగునది బాకీపడినవారే గాని బాకీ అడిగినవాడు కాడు.

అశోక్ కుమార్, అనూప్ కుమార్, కిశోర్ కుమార్ నిజముగనే తోబుట్టువులు. అశోకునకును కిశోరునకును పదునెనిమిదేండ్ల యంతరము. కావుననే కాబోలు, అన్న గద్దింపులోను తమ్ముల బెదురులోను కృత్రిమత్వము కానరాదు. రేణు పాత్రమును ధరించిన మధుబాల కన్నులతోనే నవ్వగలదు. ఆమె 1960లో కిశోర్ కుమారును వివాహమాడినది. హృద్రోగముచే 1969లో ముప్పదియాఱేండ్లకే మరణించినది.

దోషములు లేకపోలేదు. ఉత్తరార్ధమున ఒక రాజాగారి కుట్రలును, అపహరణమును, ముష్టియుద్ధములును కథను లాగివేయును. షెడ్డులోని హాస్యమునకు అవి సాటిరావు. పిల్లలకు అవియే నచ్చునేమో! కన్యకల వెంటబడుట మాత్రము మా బాలురు నేర్వనక్కఱలేదు.

వార్షికోత్సవమునకు ఏ చిత్రము చూపవలెనని యేటేట చర్చ జరుగుచుండును. ఈసారి దీనిని చూపవలెననియు, ఊరిలోని మోటారు షెడ్ల పనివారిని కుటుంబములతో పిలిచి ముందువరుసలో కూర్చుండబెట్టవలెననియు ఉపాధ్యాయులను కోరుచున్నాము. చిత్రము దీర్ఘమైనది, సాయంకాలము పెందలకడ మొదలిడుట మంచిది.