స్ట్రీక్ పెరుగుతోంది.. భాష పెరుగుతోందా?

‘అన్నా, యాప్‌లో 200 రోజుల స్ట్రీక్ ఉంది. కానీ జర్మన్ వాళ్ల వీడియో పెడితే ఒక్క ముక్కా అర్థం కావట్లేదు. నాకు భాషలు రావేమో?’ నా బ్లాగుకు వచ్చే మెసేజుల్లో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో తరచూ కనిపిస్తుంది. అడిగేవాళ్లలో ఎక్కువమంది బీటెక్ చివరి ఏడాది విద్యార్థులు, నర్సింగ్ పూర్తిచేసి జర్మనీ వైపు చూస్తున్నవాళ్లు. అందరికీ నేను చెప్పేది ఒక్కటే. లోపం మీ బుర్రలో లేదు. మొదటి మెట్టు ఎక్కించిన పద్ధతి రెండో మెట్టు ఎక్కించదు. ఆ సంగతి యాప్ మీకు చెప్పదు.

సరదాకి నేర్చుకుంటే మధ్యలో ఆగిపోయినా నష్టం లేదు. ఉద్యోగం కోసమైతే లెక్క వేరు. జర్మనీ 2024 జూన్‌లో తెచ్చిన ఆపర్చునిటీ కార్డునే చూడండి. ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా ఏడాదిపాటు అక్కడ ఉండనిచ్చే పర్మిట్ అది. పాయింట్ల పద్ధతిలో వెళ్లేవాళ్లకు 6 పాయింట్లు కావాలి. జర్మన్‌లో ఏ1 ఉంటే దరఖాస్తుకు కావాల్సిన భాషా అర్హత వస్తుంది కానీ పాయింట్ రాదు. ఏ2కి 1, బీ1కి 2, బీ2కి 3 పాయింట్లు ఇస్తారు. నర్సుగా పనిచేయాలంటే సాధారణంగా బీ2 అడుగుతారు. మనవాళ్లు చాలామంది ఏ1, ఏ2 దగ్గరే ఆగిపోతున్నారు. ఉద్యోగాలేమో బీ1 దాటాకే మొదలవుతున్నాయి.

అసలు ఎందుకు ఆగిపోతాం? మొదటి కారణం ఏ భాషకైనా సహజమే. తొలి కొన్ని వందల పదాలు ప్రతి వాక్యంలోనూ ఎదురవుతాయి కాబట్టి మొదటి రెండు నెలలు ఎంతో నేర్చేసుకున్నట్టు ఉంటుంది. తర్వాత వచ్చే పదాలు అరుదుగా కనిపిస్తాయి. అదే పావుగంట కూర్చున్నా ఫలితం కంటికి ఆనదు.

రెండోది మనకు బాగా తెలిసిన జబ్బు. నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకోవడం ఎంసెట్ రోజుల నుంచి మనకు వెన్నతో పెట్టిన విద్య. యాప్‌లో చాలా పాఠాలు ఆ పద్ధతిలోనే నడుస్తాయి. పదాన్ని చూసి గుర్తుపట్టడం ఒక పని, అవసరమైనప్పుడు అదే పదం నోటికి రావడం ఇంకో పని. మొదటిది ఎంత చేసినా రెండోది దానంతటదే రాదు.

మూడోది డిజైన్. సాఫ్ట్‌వేర్ చదివినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మీరు రోజూ యాప్ తెరవడమే కంపెనీకి ముఖ్యమైన లెక్క. స్ట్రీక్ కొలిచేది కూడా దాన్నే. రాత్రి 11.55కి తేలికైన పాత పాఠం ఒకటి నొక్కేసి పడుకున్నా స్ట్రీక్ నిలుస్తుంది, భాష మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. బీ1కి చేరడానికి సుమారు 350 నుంచి 650 పీరియడ్లు అవసరమని గోథే ఇన్‌స్టిట్యూట్ చెబుతుంది. పీరియడ్ అంటే 45 నిమిషాలు. తక్కువలో తక్కువ అనుకున్నా 260 గంటల పైమాటే. రోజుకు పావుగంట చొప్పున ఏడాదికి మీకు దక్కేది 91 గంటలు. అంటే ఒక్క రోజు మానకపోయినా దాదాపు మూడేళ్లు పడుతుంది. క్యాంపస్ నుంచి బయటికొచ్చిన కుర్రాడికి మూడేళ్లు ఎవరిస్తారు?

అలాగని యాప్ తీసేయమని నేను అనను. దానికి ఇచ్చిన పెద్ద కుర్చీ మాత్రం తీసేయండి. కాలేజీ బస్సులో పది నిమిషాలు పాత పదాలు తిరగేయడానికి అది చాలా బాగా పనికొస్తుంది. రోజులో గంట దొరికితే మిగతా యాభై నిమిషాలు వేరే పనికి పెట్టండి.

మొదట వినడం. డాయిష్ వెల్లే సంస్థ ‘నికోస్ వెగ్’ అనే వీడియో కోర్సును ఏ1 నుంచి బీ1 దాకా ఉచితంగా ఇస్తోంది. నెమ్మదిగా చదివే వార్తలు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. రెండు నిమిషాల ముక్క తీసుకుని మొదట ఊరికే వినండి. తర్వాత టెక్స్ట్ చూస్తూ వినండి. మూడోసారి మళ్లీ చూడకుండా వినండి. మొదటిసారి గందరగోళంగానే ఉంటుంది, భయపడొద్దు.

రెండోది సొంత వాక్యాలు. ‘ఏనుగు పాలు తాగుతుంది’ లాంటి వాక్యాలు కాదు. మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు గురించి, మీ ఊరి గురించి, ఈ ఉద్యోగం ఎందుకు కావాలో రోజుకు ఐదు వాక్యాలు రాసి పైకి చదవండి. ఇంటర్వ్యూలో అడిగేది మీ గురించే కదా.

మూడోది తెలుగును వాడుకోవడం. చాలామంది జర్మన్‌ను ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటారు. అందుకే చలేస్తే ‘ఇష్ బిన్ కాల్ట్’ అనేస్తారు. అంటే నేను చల్లని మనిషిని, మనసు లేనివాణ్ని అన్నట్టు వినిపిస్తుంది. జర్మన్లు ‘మియర్ ఇస్ట్ కాల్ట్’ అంటారు. అక్షరాలా మన ‘నాకు చలిగా ఉంది’! ‘వైల్’ అనే మాటతో కారణం చెప్పేటప్పుడు క్రియ చివరికి పోతుంది. ఇంగ్లిష్ వాళ్లు అక్కడ తడబడతారు. క్రియను చివర పెట్టడం మనకేమన్నా కొత్తా?

నాలుగోది మనిషి. గోథే బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు. ఒక్కోదాంట్లో 100కి 60 రావాలి. మాట్లాడే భాగంలో ఎదుటివాళ్లతో కలిసి ఒక ప్లాన్ వేయాలి, ఒక అంశం మీద చెప్పి ప్రశ్నలకు జవాబివ్వాలి. ఫోన్ తెర మీద వేలు పెడితే వచ్చే విద్య కాదిది.

‘క్లాసులకి డబ్బులెక్కడివి?’ అంటారా? న్యాయమైన ప్రశ్నే. హైదరాబాద్‌లో గోథే జెంట్రమ్ ఉంది. నర్సులకు జర్మన్ నేర్పించి పంపే కార్యక్రమాలను తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నడుపుతోంది. పాడేరులోనో ఆసిఫాబాద్‌లోనో ఉన్న విద్యార్థికి మాత్రం ఫోనే క్లాస్‌రూమ్. అందుకే యాప్‌ను చులకన చేయడం నాకు నచ్చదు. కానీ అలాంటి చోట్ల కూడా నేర్చుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. సాయంత్రం అరగంట కాల్‌లో తప్పో ఒప్పో జర్మన్‌లోనే మాట్లాడుకుంటే ఖర్చేమీ ఉండదు. చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇంగ్లిష్ ల్యాబ్ ఉంది. క్లాసులయ్యాక ఒక గంట దాన్ని ఇలాంటివాళ్లకి తెరిచి ఉంచమని ప్రిన్సిపాల్ గారిని అడగండి. పదిమంది సంతకాలతో వెళ్తే కాదనడం కష్టం.

ఇక ఎదుగుతున్నామో లేదో తెలిసేదెలా? ప్రతి నెలా మొదటి ఆదివారం కాగితం చూడకుండా రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేయండి. కిందటి నెల రికార్డింగ్‌తో పోల్చండి. ఎక్కడ ఆగారు, ఏ పదం దొరకలేదు, ఏ వాక్యం గడగడా వచ్చింది.. అన్నీ మీ చెవికే తెలుస్తాయి. ఈ పని చేసిన రాత్రి అలసిపోయి యాప్ తెరవలేకపోతే, స్ట్రీక్ తెగితే తెగనివ్వండి. రెజ్యూమెలో ఎవరూ దాన్ని అడగరు.