గుండె మార్చిన ట్రక్కు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బర్మా, చైనా రంగాలకు అమెరికా పంపిన సామగ్రికి కలకత్తా రేవు ముఖద్వారం. 1945లో యుద్ధం ముగిసింది. మిగిలిన సైనిక వాహనాలు క్రమంగా అమ్మకానికి వచ్చి, పౌరుల చేతుల్లో లారీలుగా మారాయి.

లీడో బాటపై తిరిగిన జి.ఎం.సి. రెండున్నర టన్నుల ట్రక్కు ఆ తరం బండ్లకు ప్రతినిధి. దాని 4.4 లీటర్ల పెట్రోలు ఇంజను గట్టిదే. కాని దాహం మెండు. యుద్ధంలో ఇంధనపు ఖర్చు ప్రభుత్వానిది, శాంతికాలంలో యజమానిది! ఇటువంటి బండికి పొదుపైన డీజిలు ఇంజను బిగించాలన్న ఆలోచనకు మూలం ఇదే. పాత మోటారు సామానుకు పేరుపడిన కలకత్తా మల్లిక్ బజారు వంటి చోట్ల ఇంజను వెదకుకోవచ్చు. అసలు చిక్కు ఆ తరువాతిది.

డీజిలు ఇంజను బరువైనది. ముందు కమానుపట్టీలను బలపరచాలి. దాని తిరుగుడు వేగం తక్కువ. గేర్ల నిష్పత్తి సరిచూడకపోతే బండి నత్తనడక నడుస్తుంది. ఈ రెండూ త్వరలోనే తెలిసివస్తాయి. ముందుగా తెలియనిది బ్రేకు సంగతి. పెట్రోలు ఇంజను గాలి పీల్చే గొట్టంలో ఏర్పడే శూన్యతే ఆ ట్రక్కులో డ్రైవరు కాలికి తోడై బ్రేకును బిగిస్తుంది. డీజిలు ఇంజనులో సాధారణంగా గాలికి అడ్డుమూత ఉండదు. కనుక ఆ శూన్యత పుట్టదు. వేరుగా వాక్యూమ్ పంపు అమర్చని పక్షంలో, నిండు బరువుతో పోయే బండిని ఆపవలసింది డ్రైవరు కాలి బలమొక్కటే.

వాహన నిర్మాణాన్ని ఇష్టానుసారం మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్పటం ఊరకే కాదు. ఇటువంటి బండి కొనేవారు ఇంజను ఎంత బరువు లాగుతుందని అడిగే ముందు, బండి ఎంత దూరంలో ఆగుతుందని అడగటం మేలు.