హెడ్‌ఫోన్లు తీసి మాట్లాడనివ్వండి

ప్లేస్‌మెంట్ల సీజన్ వచ్చిందంటే ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒక లెక్క గోడలెక్కుతుంది. మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతం, గొంతుది 38, బాడీ లాంగ్వేజ్‌ది 55. ట్రైనర్లు మొదటి స్లైడులో వేసేది ఇదే. ఫైనలియర్ పిల్లలు శ్రద్ధగా నోట్సులోకి ఎక్కించుకుంటారు. పశ్చిమగోదావరిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే దాన్ని నేను. ఈ లెక్క నమ్మి మా పిల్లలు ఎంత నష్టపోతున్నారో రోజూ చూస్తున్నాను. అందుకే ముందు దాని సంగతి చెప్పి, తర్వాత మిగతా విషయానికొస్తాను.

ఆ అంకెలు ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే అమెరికా సైకాలజిస్టువి. 1967లో ఆయనా, సహచరులూ కలిసి రెండు చిన్న ప్రయోగాల ఫలితాలు ప్రకటించారు. ఒకదాంట్లో విడివిడి మాటల్ని రకరకాల గొంతులతో పలికించి వినిపించారు. రెండోదాంట్లో ‘మేబీ’ అన్న ఒక్క మాటను మూడు రకాలుగా పలికించి, పక్కనే మొహాల ఫొటోలు చూపించారు. మాట ఒకటి చెబుతుంటే గొంతూ మొహమూ ఇంకొకటి చెబితే, అవతలి మనిషికి ఇష్టం ఉందో లేదో వినేవాళ్ళు దేన్నిబట్టి పోల్చుకుంటారన్నది వాళ్ళ ప్రశ్న. రెంటినీ కలిపి తీసిన లెక్కే 7, 38, 55. ఆ 55 మొహానిది. షేక్‌హ్యాండు, కుర్చీలో కూర్చునే తీరు, చేతులు పెట్టుకునే పద్ధతి అందులో లేవు. మనసులోని ఇష్టాయిష్టాల గురించి మాట్లాడుతున్నప్పుడు తప్ప ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే స్పష్టంగా చెప్పాడు. డేటాబేస్‌లో నార్మలైజేషన్ ఎందుకు చేస్తారని అడిగితే ఆ జవాబులో 93 శాతం మొహంతోనూ గొంతుతోనూ చెప్పగలిగినవాళ్ళు ఎవరూ ఉండరు.

ఇంటర్వ్యూకి ముందు నడుం మీద చేతులు పెట్టుకుని రెండు నిమిషాలు నిటారుగా నిలబడితే ధైర్యం వస్తుందన్న సలహా కూడా ఈ కోవలోదే. అది 2010లో 42 మందితో చేసిన ప్రయోగంలోంచి వచ్చింది. అలా నిలబడితే ఒంట్లో హార్మోన్లే మారిపోతాయన్నారు. 2015లో 200 మందితో మళ్ళీ చేసి చూస్తే హార్మోన్లలో ఆ మార్పు కనబడలేదు. ఆ మరుసటి ఏడు, మొదటి పరిశోధన చేసిన ముగ్గురిలో ఒకరైన డేనా కార్నీ, ఆ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని బాహాటంగానే ప్రకటించారు. ఆవిడ వెనక్కి తీసుకున్న మాట మన సెమినార్ హాళ్ళలో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

దీనివల్ల నష్టమేమిటంటారా? మాట్లాడుతున్నంతసేపూ పిల్లలు తమ ఒంటికి తామే కాపలా కాసుకుంటారు. చెయ్యి ఎక్కడుంది, కాలు ఊగుతోందా, నవ్వు మొహం చెదిరిందా... ధ్యాసంతా దానిమీదే. అడిగిన ప్రశ్న చెవిని పడుతుంది గాని బుర్రకెక్కదు. మనది కాని భాషలో మాట వెతుక్కోవడానికే బోలెడు ధ్యాస కావాలి. అందులో సగం తీసుకెళ్ళి మోకాళ్ళకీ మోచేతులకీ పంచితే ఇక నోటికి మిగిలేదేముంది?

ఆకివీడు వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడి మాక్ ఇంటర్వ్యూ గురించి చెబుతాను. బుద్ధిమంతుడు, మార్కులకు కొదవలేదు. ఎదురుగా కూర్చుని రెండు చేతుల వేళ్ళూ కొసలు ఆనించి గోపురంలా పెట్టాడు. చూపు నా కనుబొమల మధ్య నిలిపాడు. రెండూ ట్రైనర్ చెప్పిన చిట్కాలే. ఈ అద్భుతమైన అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలతో మొదలుపెట్టి, తన బలాలు కష్టపడి పనిచెయ్యడం, పాజిటివ్ థింకింగ్ అనీ, బలహీనత ఎవర్నయినా తేలిగ్గా నమ్మెయ్యడమనీ ఏకబిగిన అప్పజెబుతున్నాడు. అతని ముందు వచ్చినవాళ్ళ బలాలూ బలహీనతలూ కూడా అవే. మధ్యలో ఒక వాక్యం జారిపోయింది. ఆగాడు. మొహం ఎర్రబడింది. మళ్ళీ ‘గుడ్ మార్నింగ్’ దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు.

ఆపి, నాన్నగారు ఏం చేస్తారని ఇంగ్లీషులోనే అడిగాను. రొయ్యల చెరువులన్నాడు. మేత ఎంత వెయ్యాలో ఎలా తెలుస్తుందని అడిగాను. క్షణం తడుముకుని, ‘చెక్ ట్రే, మేడమ్’ అన్నాడు.

గోపురం విడిపోయింది. రెండు చేతులూ పళ్ళెమంత వెడల్పు చాచి, తాడు పట్టుకుని నీళ్ళలోకి దించినట్టు దించాడు. కాసేపాగి పైకి లాగాడు. ‘ఇఫ్ ఫీడ్ ఈజ్ దేర్, నెక్స్ట్ టైమ్ లెస్. ఇఫ్ నో ఫీడ్, లిటిల్ మోర్.’ రొయ్యను రెండు వేళ్ళతో పట్టి వెలుతురుకి ఎత్తి చూపించి, పేగు నిండుగా ఉందో లేదో చూస్తామన్నాడు. పేగుకి ఇంగ్లీషు మాట తోచక తన వేలితోనే రొయ్య వీపు పొడవునా గీత గీశాడు. నేను ‘గట్’ అని అందించాను, అందుకున్నాడు. రాత్రిపూట ఏరేటర్లు ఎందుకు తిప్పుతారని అడిగితే ఇంకా పుంజుకున్నాడు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది, ఆ వేళకి కరెంటు పోతే జనరేటర్ వెంటనే అందుకోవాలి, లేకపోతే రొయ్యలు పైకి తేలిపోతాయి. ఇదంతా ముక్కలు ముక్కలు ఇంగ్లీషులోనే చెప్పాడు. చెబుతూ చెబుతూ నా కళ్ళలోకి చూసి, ‘మేడమ్, డూ యూ నో కౌంట్?’ అని నన్నే అడిగాడు. అదొక రకం సైజు గదా అన్నాను. నో అన్నాడు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటట. 30 కౌంటుకి 100 కౌంటు కంటే ఎక్కువ రేటెందుకో కూడా వివరించాడు.

ప్రశ్న అతని నోట్లోంచి వచ్చిన ఆ నిమిషంలో అది సంభాషణ అయింది. ఆర్టికల్స్ లేవు, క్రియలు సగం లేవు, నిజమే. అవి దిద్దడం నా ఉద్యోగం, అయిపోయాక రెండు మూడు వాక్యాలు దిద్దాను కూడా. అయితే దిద్దడానికి ముందు ఒక మాటంటూ ఉండాలి కదా. బట్టీ కొట్టిన సెల్ఫ్ ఇంట్రడక్షన్లో దిద్దడానికేమీ ఉండదు, ఎందుకంటే అందులో పిల్లవాడే ఉండడు. పైగా ఏరేటర్, చెక్ ట్రే, ఫీడ్, కౌంట్, హార్వెస్ట్ అన్నీ వాళ్ళ నాన్న చెరువు గట్టుమీద రోజూ వాడే మాటలు. ఇంగ్లీషు తనకి పరాయిదని ఈ కుర్రాడికి ఎవరు చెప్పారో గాని, వాళ్ళింట్లో అది ఎప్పటినుంచో ఉంది.

చేతులు మాటకి తోడుగా వాటంతటవే లేస్తాయి. పుట్టుకతో చూపులేనివాళ్ళు కూడా, ఎదుటివాళ్ళకీ చూపులేదని తెలిసి కూడా, మాట్లాడేటప్పుడు చేతులు కదుపుతారని 1998లో ‘నేచర్’ పత్రికలో పరిశోధన వచ్చింది. అంటే ఆ కదలిక ఎవరో చూసి మెచ్చుకోవడానికి కాదు, మాట అందుకోవడానికి మనిషికున్న ఆసరా. దాన్ని గోపురంలో బిగించి కట్టెయ్యమని డబ్బిచ్చి మరీ నేర్పిస్తున్నాం.

అప్పజెప్పడాన్ని మాట్లాడటమనుకోవడం మనకి కొత్త కాదు. ఇప్పుడు మనం చదివే ‘కన్యాశుల్కం’ 1909లో అచ్చయిన రూపం. అందులో కొడుకూ గిరీశమూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే వినాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది. ఇద్దరూ కలిసి చిన్నపిల్లల పద్యాలూ జామెట్రీ ముక్కలూ ఒకరి మీద ఒకరు వదులుతారు. ఆ సీను చూసి నవ్వుకుంటూనే ఇన్నేళ్ళూ గడిపేశాం. నాకు మాత్రం వెంకమ్మను తలుచుకుంటే బాధగా ఉంటుంది. ఆవిడకి ఆ భాష రాదు, కొడుక్కి వచ్చిందో లేదో తెలుసుకునే దారి లేదు. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఫీజు కట్టడానికి వచ్చే తల్లుల్లో చాలామందిది ఇవాళ కూడా అదే పరిస్థితి. ఆ నమ్మకానికి మనం జవాబుదారీగా ఉండాలి.

ఇక కళ్ళ సంగతి. దీనిమీద మాత్రం పిల్లలకి తప్పకుండా సాయం కావాలి. పెద్దవాళ్ళ మొహంలోకి అలా చూస్తూ మాట్లాడతావా అని తిట్లు తిన్న పిల్లలు వీళ్ళు. ఆడపిల్లలకైతే తల దించుకుని నడవడం పసితనంలోనే నూరిపోస్తాం. ఇరవై ఏళ్ళు అలా పెంచి, ఇంటర్వ్యూలో తల దించుకుంటే ‘కాన్ఫిడెన్స్ లేదు’ అని రాసేస్తారు. అది వినయం అని రాసే గడి ఆ కాగితంలో ఉండదు. నేను నా పిల్లలకి చెప్పేది ఒకటే. నీలో లోపమేం లేదమ్మా, అది ఆ గది పద్ధతి, గుడికెళితే చెప్పులు బయట విడిచినట్టు. వాళ్ళు మాట్లాడుతున్నప్పుడు వాళ్ళవైపు చూడు. నువ్వు ఆలోచించుకునేటప్పుడు చూపు పక్కకి పోతే పోనీ, గట్టిగా ఆలోచించేటప్పుడు ఎవరి చూపైనా పక్కకే పోతుంది. ఈ మాట విన్నాక చాలామంది భుజాలు దిగుతాయి.

వినడం గురించి ఎవరూ చెప్పరు. మన గోదావరి జిల్లాల్లో ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ‘ఆయ్’ అనకుండా ఉండగలమా? కథ చెబుతుంటే ఊ కొట్టకపోతే అమ్మమ్మ కథ ఆపేసేది. అలాంటి పిల్లలు ఇంగ్లీషు అనేసరికి బిగదీసుకుని కూర్చుంటారు. అవతలివాళ్ళకి గోడతో మాట్లాడుతున్నట్టుంటుంది. తల చిన్నగా ఆడించడం, ‘ఐ సీ’, ‘యెస్, దట్స్ రైట్’ అనడం, అర్థం కానప్పుడు సిగ్గుపడకుండా ‘సారీ, కుడ్ యూ సే దట్ అగైన్?’ అని అడగడం. ఈ నాలుగు ముక్కలు నోటికి అలవాటైతే సగం భయం పోతుంది. అర్థం కాని ప్రశ్నకి ఊహించి జవాబు చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళను నేనెరుగుదును. మళ్ళీ అడిగినందుకు పోగొట్టుకున్నవాళ్ళు నాకు ఇంతవరకూ తగల్లేదు.

ఉచ్చారణ విషయంలో యాస గురించి బెంగ వద్దు, ఊనిక గురించి పట్టించుకోండి. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వేళ దానికి ఇస్తాం. ఇంగ్లీషులో ఒక మాటలో ఒక భాగం మీద బరువేసి మిగతావి తేల్చేస్తారు. ‘ఫొటోగ్రాఫ్’లో బరువు మొదట్లో, ‘ఫొటోగ్రఫీ’లో రెండో భాగం మీద. ‘ఇంజినీర్’లో చివరి ‘నీర్’ మీద. అది తప్పితే మనం స్పష్టంగా పలికినా వాళ్ళకి అందదు. ఇంకొకటి, వేగం. గబగబా మాట్లాడితే వచ్చినట్టు అనుకుంటారు మన పిల్లలు. వాక్యం అయ్యాక ఒక్క క్షణం ఆగండి చాలు.

పరాయి దేశం వెళ్ళేవాళ్ళు రాసే ఐఇఎల్‌టిఎస్ స్పీకింగ్ పరీక్షనే చూడండి. ఎదురుగా మనిషి కూర్చుని 11 నుంచి 14 నిమిషాలు మాట్లాడిస్తారు. మార్కులు నాలుగింటికి, నాలుగూ సమానం. ధారాళంగా, పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. కూర్చున్న తీరుకీ చేతులకీ కళ్ళకీ విడిగా మార్కుల్లేవు. ఇంగ్లీషు ఎంత వచ్చో కొలవడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు అక్కర్లేదనుకున్నదాన్ని మనం 55 శాతం అంటున్నాం.

మా కమ్యూనికేషన్ ల్యాబుల్లో ఏముంటుందో బయటివాళ్ళకి తెలియదు. వరసగా కంప్యూటర్లు, వాటి ముందు హెడ్‌ఫోన్లు. పిల్లలు అవి చెవులకి తగిలించుకుని స్క్రీన్ చెప్పింది తిరిగి చెబుతారు. గదినిండా జనం, ఒకరి మొహం ఒకరు చూడరు. శబ్దాలు పట్టుకోవడానికి అది పనికొస్తుంది, కాదనను. కాని మాట్లాడటమనే పని అక్కడ జరగదు. ల్యాబ్ గంటల్లో కనీసం ఒక గంట ఆ హెడ్‌ఫోన్లు తీయించి కుర్చీలు ఎదురెదురుగా వెయ్యమని ప్రిన్సిపాళ్ళను అడుగుతున్నాను. పైసా ఖర్చు లేదు. టాపిక్ గ్లోబల్ వార్మింగ్ అక్కర్లేదు. మీ ఊళ్ళో బోరు ఎన్ని అడుగులకి పడింది, మీ అమ్మ ఆవకాయ ఎలా కలుపుతుంది, మీ అన్న బైక్ ఇంజన్ ఎందుకు ఆగిపోయింది, ఇలాంటివి చాలు. అడిగేవాడికి నిజంగా తెలియని విషయమై ఉండాలి, అంతే.

క్యాంపస్‌కి వచ్చే కంపెనీల ఆఫీసర్లకూ ఒక మాట. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అని అడిగితే అప్పజెప్పే పాఠమే వస్తుంది, అది ఎవరి పాఠమో మీకూ తెలుసు. బయోడేటాలో ఊరి పేరు ఉంటుంది, చేసిన ప్రాజెక్టు ఉంటుంది. అక్కడినుంచి ఒక ప్రశ్న వెయ్యండి, రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

మేనేజ్‌మెంట్లు బయటినుంచి ట్రైనర్లను పిలిపించి మూడు రోజుల ప్యాకేజీలకు పెట్టే డబ్బుంది. అందులో కొంత, ఇదే కాలేజీలో చదివి ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు శనివారాలు వచ్చి జూనియర్లతో కూర్చునేందుకు దారిఖర్చులకి ఇవ్వండి. మా డిపార్ట్‌మెంట్‌లో చిన్నగా మొదలుపెట్టాం. ప్రశ్నలు జూనియర్లే అడగాలన్నది నేను పెట్టిన షరతు. ఆ గంటసేపూ లెక్చరర్లెవరూ గదిలో ఉండకూడదన్నది వాళ్ళు పెట్టింది. ఒప్పుకున్నాను.