సరిహద్దులో మిగిలిపోయిన నాగిరెడ్డి ప్రశ్న

తరిమెల నాగిరెడ్డి జీవితాన్ని ఒక జిల్లా నాయకుడి చరిత్రగానో, చీలికలైన ఒక పార్టీ అంతర్గత వ్యవహారంగానో కుదించి చూడడం వల్ల బళ్లారి సరిహద్దు ప్రాంతం చాలా నష్టపోయింది. దేశ సంపద ఎవరి చేతిలో ఉంది, దాని ఫలం ఎవరికి దక్కుతోంది అని ఆయన లెక్కలతో నిలదీశారు. ఆయన మరణించిన మూడు దశాబ్దాలకు అదే ప్రశ్న ఆయన సొంత ప్రాంతపు ఇనుప కొండల్లో తలెత్తింది. ఆ ప్రశ్న సరైనదనీ, దాన్ని అడగవలసిన చట్టసభను 1969లో ఆయన వదిలివెళ్ళడం మాత్రం సరికాదనీ ఈ పత్రిక నిశ్చితాభిప్రాయం.

నాగిరెడ్డిని అనంతపురం వాడని చెప్పి బళ్లారి పక్కన పెట్టడానికి చరిత్ర ఒప్పుకోదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న సీమలో, అంటే దత్తమండలాల్లో, ఈ రెండు జిల్లాలూ ఒకే పాలన కింద ఉండేవి. 1882లో బళ్లారి జిల్లాను విడగొట్టిన తరవాతే అనంతపురం జిల్లా ఏర్పడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు రాగా, జస్టిస్ మిశ్రా నివేదికను అనుసరించి బళ్లారి తాలూకా మైసూరు రాష్ట్రంలో చేరింది. పాలనా రేఖ మారినా రెండు వైపులా తెలుగు, కన్నడం కలిసి మాట్లాడే పల్లెలు, కరువు, మెట్ట సేద్యం, భూమిలేని కూలీల వలస మాత్రం మారలేదు. నాగిరెడ్డి రాజకీయాలు పుట్టింది ఈ నేల కష్టంలోనే.

1917 ఫిబ్రవరి 11న తరిమెలలో సంపన్న భూస్వామి కుటుంబంలో పుట్టిన ఆయన రిషివ్యాలీ పాఠశాలలో, మద్రాసు లయోలా కళాశాలలో, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదువుకుని, ఆ చదువు తెచ్చిపెట్టగల పదవుల వైపు కాక కమ్యూనిస్టు ఉద్యమం వైపు నడిచారు. అదే ఊరివాడు, తరవాతి కాలంలో 'పెన్నేటి పాట' కావ్యకర్త అయిన విద్వాన్ విశ్వంతో కలిసి ప్రచురణలు చేపట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ప్రజల ఆర్థిక జీవితాన్ని ఎలా కుంగదీస్తుందో వివరిస్తూ రాసిన పుస్తకానికి 1940లో జైలుకు వెళ్ళారు. తనకు సంక్రమించిన భూములను పంచిపెట్టిన తరవాతే ఇతరుల భూముల గురించి మాట్లాడారు కాబట్టి, ప్రత్యర్థులు కూడా ఆయన నిజాయితీని శంకించలేకపోయారు. 1952 ఎన్నికల్లో జైల్లో ఉండగానే అనంతపురం నుంచి మద్రాసు శాసనసభకు గెలిచారు. ఓడిపోయినది ఆయన సోదరి భర్త, తరవాతి కాలంలో ముఖ్యమంత్రి, రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి. బంధుత్వాల మీదా ముఠాల మీదా ఎన్నికలు నడిచే రాయలసీమలో ఆ ఫలితానికి ఉన్న అర్థం ఈనాటికీ చిన్నది కాదు. 1957లో లోక్‌సభకు, 1962లో పుట్లూరు నుంచి, 1967లో మళ్ళీ అనంతపురం నుంచి శాసనసభకు ఆయన ఎన్నికయ్యారు.

1964లో పార్టీ చీలినప్పుడు సీపీఎంలో చేరిన నాగిరెడ్డి, 1968లో ఆ పార్టీతోనూ విభేదించి బయటికి వచ్చారు; పార్లమెంటరీ మార్గంలో భూసమస్య పరిష్కారం కాదని తేల్చుకుని 1969 మార్చిలో శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. ఆ ఏడాది చివర అరెస్టయి, ప్రభుత్వాన్ని కూలదోయడానికి కుట్ర పన్నారన్న అభియోగంతో నడిచిన హైదరాబాదు కుట్రకేసులో కోర్టు ముందుంచిన సుదీర్ఘ ప్రకటనే, ఆయన మరణానంతరం 'తాకట్టులో భారతదేశం' అన్న పేరుతో పుస్తకమైంది. విదేశీ పెట్టుబడుల వాటా, పీఎల్-480 కింద (అమెరికా తన మిగులు తిండిగింజలను పరాయి దేశాలకు అమ్మడానికి చేసుకున్న చట్టం అది) వచ్చిన గోధుమల వెనుక షరతులు, సోవియట్ సహాయపు అసలు ధర, భూసంస్కరణ చట్టాల డొల్లతనం, వీటన్నిటినీ చాలావరకు ప్రభుత్వ లెక్కల నుంచే తీసి నిరూపించబూనిన ఆ గ్రంథం, నినాదాల మీద ఆధారపడిన రాజకీయ సాహిత్యంలో అరుదైనది. ఎమర్జెన్సీ కాలంలో అజ్ఞాతంలో ఉండగానే 1976 జూలై 28న ఆయన కన్నుమూశారు.

ఆ గ్రంథపు పద్ధతిలో బళ్లారి గనులను పరిశీలిస్తే ఏం తేలేదో ఊహించడం కష్టం కాదు. చైనా గిరాకీతో ఇనుప ఖనిజం ధర ఆకాశానికంటిన సంవత్సరాల్లో, ఎగుమతి మార్కెట్లో టన్ను వేల రూపాయలు పలుకుతుండగా, ప్రభుత్వానికి దక్కే రాయల్టీ, అంటే నేల సొంతదారుగా ప్రజలకు రావలసిన వాటా, 2009 ఆగస్టు వరకు టన్నుకు గరిష్ఠంగా 27 రూపాయలు. ఆ తరవాతే అది ధరలో 10 శాతంగా మారింది. అక్రమ తవ్వకాల మీద దేశమంతా చర్చ జరిగింది. సక్రమంగా, రసీదు ఇచ్చి మరీ జరిగిన ఈ దోపిడీ మీద మాత్రం అంత చర్చ జరగలేదు. ప్రతిపక్షాలు సభల్లో అడిగాయి, నిజమే. కాని ఎవరు తవ్వుకున్నారనే అడిగాయి. ఎవరి కోసం తవ్వాలి, ఏ ధరకు ఇవ్వాలి అని పట్టుబట్టినవారు తక్కువ. ఆ రేటును నిర్ణయించే అధికారం కేంద్రానికి ఇచ్చినది పార్లమెంటు చేసిన చట్టం. నాగిరెడ్డి ఒకప్పుడు కూర్చున్న సభ అది.

ఆయన 1969 నిర్ణయాన్ని ఇక్కడే తప్పుపట్టవలసి వస్తోంది. చట్టసభ పేదవాడికి భూమి ఇవ్వలేదన్న ఆయన ఆవేదనలో నిజముంది. కానీ ఆ సభను ఖాళీ చేసినందువల్ల భూమి పంపకం ముందుకు సాగలేదు సరికదా, సభ మరింత సులువుగా ధనవంతుల చేతికి చిక్కింది. గనుల దోపిడీని చివరికి ఎంతోకొంత ఆపినవి జస్టిస్ సంతోష్ హెగ్డే 2011 జూలైలో ఇచ్చిన లోకాయుక్త నివేదిక, అదే నెలలో బళ్లారి తవ్వకాలను నిలిపివేసిన సుప్రీంకోర్టు ఉత్తర్వు. ఆయన ఆశ వదులుకున్న రాజ్యాంగ వ్యవస్థలోని సంస్థలే అవి. ఆలస్యంగా కదిలాయన్న విమర్శ న్యాయమైనదే; అవి త్వరగా కదిలేలా చేయగలిగేది సభలోనూ బయటా పనిచేసే ప్రజా ఉద్యమం ఒక్కటే. 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండి ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఓబుళాపురం గనుల కేసులో, సరిహద్దు గుర్తులే చెరిగిపోయాయన్న వివాదం దాకా వ్యవహారం వెళ్ళింది. 2025 మేలో హైదరాబాదు సీబీఐ కోర్టు ఆ కేసులో శిక్షలు విధించింది, వాటి అమలును తరవాత హైకోర్టు నిలిపివేసింది. కేసు ముగింపు ఏదైనా, తవ్విన కొండ తిరిగి రాదు.

జయంతి నాడు దండ వేసి వెళ్ళిపోయే ఆనవాయితీ ఇక చాలు. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమూ, బళ్లారిలోని విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమూ కలిసి నాగిరెడ్డి చట్టసభా ప్రసంగాలనూ కోర్టు ప్రకటననూ తెలుగు, కన్నడ భాషల్లో వ్యాఖ్యానంతో ప్రచురించాలి. ఆయన మార్గంతో విభేదించే వారి వాదనలకు కూడా అందులో చోటుండాలి. గనుల ప్రభావిత గ్రామాల బాగు కోసం 2015 చట్టసవరణతో ఏర్పడిన జిల్లా ఖనిజ నిధి జమాఖర్చులనూ, ప్రతి గని లీజు పత్రాన్నీ, దాని హద్దుల పటాన్నీ సరిహద్దుకు రెండు వైపులా ప్రతి పంచాయతీ కార్యాలయంలో రెండు భాషల్లో గోడకు అతికించాలి. ఈ ప్రాంతపు శాసనసభ్యులు, పార్టీ ఏదైనా సరే, ఎన్ని టన్నులు తవ్వారు, టన్నుకు ఎంత కట్టారు, ఊరికి ఎంత వచ్చింది అన్న మూడు లెక్కలను బడ్జెట్ సమావేశాల్లో ఏటా సభ ముందు పెట్టించాలి. అది చేయని ప్రతినిధిని అడిగే హక్కు సండూరులో గని కూలీకీ, రాయదుర్గంలో మెట్ట రైతుకూ సమానంగా ఉంది.