జనానికీ ఒక మూడో హెచ్చరిక

ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మన డెల్టాలో ఈ అంకెలు తెలియని ఇల్లు అరుదు. రెండో హెచ్చరిక పడిందనగానే లంకల్లో పశువులను గట్టు మీదికి తోలతారు, ధాన్యం బస్తాలు అటకెక్కుతాయి. గోదారమ్మకు పసుపూ కుంకుమా వేసి దణ్ణం పెట్టుకున్న ఇల్లాలే టీవీలో అడుగులెంతో చూసుకుని, పడవ ఎప్పుడొస్తుందని ఆరా తీస్తుంది. భక్తికీ కొలతకూ ఆ ఇంట్లో తగువేమీ లేదు.

మరి అదే గోదావరి ఒడ్డున, అదే జనానికి, జనం వల్ల వచ్చే ప్రమాదానికి ఒక అంకె ఎందుకు లేదు?

2015 జూలై 14, పుష్కరాల మొదటి రోజు. రాజమండ్రి కోటగుమ్మం దగ్గర పుష్కర ఘాట్‌లో 27 మంది చనిపోయారు. గోదావరి స్టేషన్‌లో రైలు దిగితే నడిచి వెళ్లేంత దగ్గర ఆ రేవు. కిలోమీటరుకు పైగా పొడవున కట్టిన కోటిలింగాల ఘాట్ ఉండగా, వచ్చినవాళ్లు దీని మీదే పడ్డారు. ముఖ్యమంత్రి పుణ్యస్నానమూ ఇక్కడే. ఆయన వెళ్లేదాకా బయట నిలబడ్డ జనం, గేట్లు తీయగానే ఒక్కసారిగా కదిలారు. చంకలో మూట, చేతిలో మనవడు, తప్పిపోకుండా పక్కావిడ కొంగుతో ముడేసుకున్న కొంగు. వెనక్కి తిరిగే వీలెక్కడిది?

విచారణ జరిపిన జస్టిస్ సోమయాజులు కమిషన్ ముహూర్తం మీద సాగిన అతి ప్రచారాన్నీ, జనంలోని గుడ్డి నమ్మకాన్నీ ప్రధానంగా తప్పుపట్టింది. ప్రచారం సంగతి నిజమే. 144 ఏళ్లకోసారి వచ్చే మహా పుష్కరాలని అప్పట్లో ఊదరగొట్టారు. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగని ఎక్కం అప్పజెప్పారే గానీ, లెక్క ఎక్కణ్ణుంచి మొదలుపెట్టారని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ప్రతి పుష్కరమూ వెనకటి ఏదో ఒక పుష్కరం నుంచి పన్నెండోదే అవుతుంది కదా! బంగారం చేసిపెడతానన్న బైరాగి చేతిలో రాజశేఖరుడు మోసపోయిన కథ రాసిన కందుకూరి ఊరే ఇది. ఆయన తర్వాత ఇన్నేళ్లకూ ఈ చిన్న ప్రశ్న మనకు తోచలేదు.

కానీ తప్పంతా నమ్మకం మీదికి నెట్టేస్తే అదీ అశాస్త్రీయమే. 2025 జూన్‌లో బెంగళూరు స్టేడియం బయట క్రికెట్ విజయోత్సవానికి వచ్చి 11 మంది చనిపోయారు. 2022లో సియోల్‌లోని ఒక ఇరుకు సందులో 159 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లెవరూ పుణ్యం కోసం వెళ్లలేదు, సరదాగా బయల్దేరిన కుర్రకారు. కిక్కిరిసిన చోట ఆస్తికుడి ఊపిరితిత్తులకూ నాస్తికుడి ఊపిరితిత్తులకూ తేడా ఉండదు.

అక్కడ జరిగేది ఇది. చదరపు మీటరు జాగాలో నలుగురుంటే ఎవరి అడుగు వాళ్లు వేసుకోగలరు. ఆరేడుగురైతే అడుగు మన చేతిలో ఉండదు. వెనక ఎక్కడో ఒక తోపు పుడితే అలలా ముందుదాకా వస్తుంది. చాలామంది కాళ్ల కింద పడి నలగరు. నిలబడినచోటే ఛాతీ విచ్చుకునే సందు లేక ఊపిరాడక పోతారు. వెనకవాళ్లకు ముందేం జరుగుతుందో తెలియదు, దారి ఉందనుకునే తోస్తారు. అందుకే మైకులో ఎంత మొత్తుకున్నా ఆ దశలో లాభం లేదు. ఆపాల్సింది దూరాన, రైల్వే స్టేషన్ దగ్గర, బస్టాండు దగ్గర.

లెక్క మరీ కష్టమైనదీ కాదు. మీటరు వెడల్పు దారిలో సాఫీగా నిమిషానికి 80 మంది దాకా వెళ్లగలరు, మెట్ల మీద 65 దాకా. ఆరు మీటర్ల గేటూ దాని వెనక మెట్లూ ఉన్నాయనుకుందాం. గంటకు 23 వేల పైచిలుకు. లక్షమందిని ఆ దారిన దింపాలంటే నాలుగు గంటలకు పైమాటే. మూటలూ ముసలివాళ్లూ పిల్లలూ ఉన్న మన గుంపుకి ఇంకా ఎక్కువ పడుతుంది. అలాంటప్పుడు అందరూ తొలి ముహూర్తానికే మునగాలని పిలవడం ఏమిటి? పుష్కరాలు పన్నెండు రోజులని చెప్పేది మన ఆచారమే. పుష్కర పుణ్యం ఏడాదంతా ఉంటుందని చెప్పే పెద్దలూ ఉన్నారు.

మక్కా దగ్గర హజ్ యాత్రలో 2006 జనవరి తొక్కిసలాటలో మూడొందల మందికి పైగా చనిపోయాక, రాళ్లు విసిరే చోట అంతస్తుల వంతెన కట్టి, రావడానికొక దారి, పోవడానికొక దారి, బృందానికొక వేళ పెట్టారు. అక్కడ మళ్లీ అలాంటిది జరగలేదు. అయితే మన పుష్కరాల ఏడాదే, 2015 సెప్టెంబరులో, ఆ వంతెనకు వెళ్లే వీధిలో అధికారిక లెక్క ప్రకారమే వందల మంది పోయారు. ఘాట్ ఒక్కటీ బాగుచేసి ఘాట్‌కొచ్చే రోడ్డు వదిలేస్తే ఏమవుతుందో అది చెబుతోంది.

పుష్కరాల తేదీని నిర్ణయించే గురుడు సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి పన్నెండేళ్లకు కాస్త తక్కువే, 11.86 ఏళ్లు పడుతుంది. 2003లో జూలై 30న, 2015లో జూలై 14న వచ్చిన పుష్కరాలు 2027లో జూన్ 26నే మొదలవుతున్నాయి. ఇంత ముందుగా, ఇంత కచ్చితంగా తెలిసే విపత్తు అవకాశం మరొకటి లేదు. తుఫానుకైనా నాలుగైదు రోజుల వ్యవధే ఉంటుంది.

కాబట్టి కోట్ల రూపాయల పనుల జాబితాతో పాటు ఒక చిన్న పట్టిక కూడా ప్రకటించండి. ఏ ఘాట్‌లో ఒకేసారి ఎంతమంది, గంటకు ఎంతమంది, ఎన్ని వేలు దాటితే మొదటి హెచ్చరిక, ఎన్నింటికి రెండోది, ఎప్పుడు గేటు మూసివేత. మూడో హెచ్చరిక పడ్డాక ఎంత పెద్దమనిషి వచ్చినా గేటు తీయకూడదు. ప్రముఖుల స్నానాలకు వేరే రేవు ఉండాలి, సామాన్యుల రేవులో కెమెరాలు పెట్టి షూటింగులు ఉండకూడదు. పాఠకులకూ ఒక మాట. కొవ్వూరు, నరసాపురం, కోటిపల్లి, మీ ఊళ్లో స్నానాల రేవు ఎక్కడున్నా, ఎంతమంది పడతారో కొలిచారా అని పంచాయతీనో మున్సిపాలిటీనో ఇప్పుడే అడగండి, జవాబు కాగితం మీద తీసుకోండి.